ఒక్కపొద్దు రోజు మోతాదు

మా పని ఏమిటంటే

సూర్యాపేటలో ఫార్మసీ చదువుతున్న పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. మందుల కంపెనీల్లో మోడలింగ్, సిమ్యులేషన్ అనే ఉద్యోగాలు ఉంటాయని విన్నారట. ఆ ఉద్యోగంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారని అడిగారు. నాకు మాట్లాడటం కంటే రాయడం సులువు. ఏ యేడు ఏ హోదా వచ్చిందో రాయను. అది ఎవరికీ పనికిరాదు, నాకూ సరిగ్గా గుర్తులేదు.

ఒక మందును ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు వేసుకుంటే ఒంట్లో కావలసినంత నిలుస్తుందో ముందే లెక్కవేసి చూడటం మా పని. కొందరికి మందు ఇచ్చి, వాళ్ల రక్తంలో అది ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో కొలుస్తారు. ఆ కొలతల నుంచి మేము సమీకరణాలు రాస్తాం. వాటితో కంప్యూటర్లో వెయ్యిమంది మనుషుల్ని తయారుచేస్తాం. ఒకడు బక్కపలచన, ఒకామె లావు, ఇంకొకరికి కిడ్నీ కొంచెం నెమ్మది. వాళ్లందరికీ మందు వేసి చూస్తాం. నచ్చకపోతే మోతాదు మార్చి మళ్లీ వేస్తాం.

కంప్యూటర్ మనుషులంత మంచి రోగులు ఎక్కడా దొరకరు. టైముకు మందు వేసుకుంటారు. వాంతి చేసుకోరు. పెళ్లిళ్లకు పోరు. మా వృత్తిలో జరిగే పొరపాట్లలో చాలా భాగం వాళ్ల ఈ మంచితనం వల్ల వచ్చేవే.

మా వైపు వాళ్లకు సాగర్ కాల్వతో చెబితే త్వరగా అర్థమవుతుంది. తూము దగ్గర ఎన్ని నీళ్లు వదిలారన్నది ఒక సంగతి, చివరి మడికి ఎన్ని చేరాయన్నది ఇంకో సంగతి. మోతాదు తూము దగ్గరిది. మేము చూడాల్సింది చివరి మడి. ఈ పోలిక ఇక్కడి వరకే పనిచేస్తుంది. ఇంకా సాగదీస్తే తప్పులు దొర్లుతాయి.

బొక్కల పులుసు

నేను ఎక్కువ కాలం పనిచేసిన మందు కార్నిటిన్. నిజానికి అది బయటి సరుకు కాదు, మన ఒళ్లు తయారుచేసుకునేదే. కొవ్వును కణంలో అది కాలే చోటికి మోసుకుపోయే హమాలీ అనుకోండి. మాంసం తినేవాళ్లకు తిండిలో నుంచి కూడా కొంత వస్తుంది. కొద్దిమందికి పుట్టుకతోనే ఇది ఒంట్లో నిలవదు, మూత్రంలో పోతుంది. అలాంటివాళ్లకు మందుగా ఇవ్వాలి. లేకపోతే కండరాలు నీరసిస్తాయి, గుండె కూడా కండరమే కాబట్టి అదీ నీరసిస్తుంది.

ఇలాంటి పదార్థాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, మందు వేయకముందు రక్తంలో సున్నా ఉండదు. మొదట ఎంత ఉందో తెలియకపోతే మందు ఎంత పెంచిందో తెలియదు. అందుకని మా స్టడీకి ఒప్పుకున్న ఆరోగ్యవంతులకు కొన్నాళ్లు మాంసం తినొద్దని ముందే చెప్పేవాళ్లం.

ఒకసారి సైదులు అనే అతను వచ్చాడు. మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. మందు వేయకముందు తీసిన రక్తంలోనే అందరికంటే చాలా ఎక్కువ వచ్చింది. మా బాసు చారి సార్ ల్యాబ్ మీద అరిచాడు. ల్యాబ్ వాళ్లు మళ్లీ కొలిచి అదే అంకె పంపారు. మా ఆయన మిర్యాలగూడ కాలేజీలో తెలుగు చెప్పేవారు కనుక ఆ ఊరివాడి సంగతి నాకే తెలుసని నన్ను పంపారు. మాంసం తిన్నావా అని అడిగాను.

"ఒట్టు మేడం, ముక్క ముట్టలే. మా బామ్మర్ది పెండ్లిల బొక్కల పులుసు తాగిన, గంతే. ముక్కలన్ని వాడే తిన్నడు."

సైదులు నిజమే చెప్పాడు. ఎముకల పులుసులోకి కూడా కార్నిటిన్ దిగుతుంది, ప్రశ్నే సరిగా లేదు. ఆ తర్వాత నేను ఎవరినీ మాంసం తిన్నారా అని అడగలేదు, నిన్న ఏమేం తిన్నారో చెప్పమనేదాన్ని. ఆఫీసులో కొన్నాళ్లు ఎవరి గ్రాఫు వంకరగా వచ్చినా "బొక్కల పులుసు చూశారా?" అని నవ్వుకునేవాళ్లం.

చారి సార్ పెన్సిలు

చారి సార్ దగ్గర నేను నేర్చుకున్న మంచి పని ఒకటుంది. కంప్యూటర్ నడపకముందు, జవాబు ఎలా వస్తుందనుకుంటున్నావో కాగితం మీద పెన్సిలుతో గీయమనేవాడు. గీయలేకపోతే నీకు సంగతి అర్థం కాలేదని లెక్క. ఈ రోజుకీ ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

నేర్చుకోకూడనిది కూడా ఒకటుంది. ఆయనకు నున్నని గీతలంటే ఇష్టం. గీతకు దూరంగా చుక్క పడితే "అది తీసెయ్" అనేవాడు. మందు కంపెనీలో ఏ చుక్కను తీసేయాలన్నా కారణం రాయాలి. ఆయనకు కారణాలు తొందరగా దొరికేవి. మనిషి చెడ్డవాడు కాదు. పని తొందరగా ముగియాలని కోరుకునే తెలివైనవాళ్లు అలాగే ఉంటారు.

శిరీష పక్క సీటు

మా ఆయన చనిపోయిన యేడు ఇది జరిగింది. ఆయన గుండెకు సూర్యాపేటలో వైద్యం చేసింది డాక్టర్ రత్నం. ఆయన పోయాక కూడా నేను శని, ఆదివారాలు హైదరాబాదు నుంచి మిర్యాలగూడ ఇంటికి పోతుండేదాన్ని. ఆయన పుస్తకాలు అక్కడ ఉన్నాయి. చదవడానికి పోయేదాన్ని, సర్దడానికి కాదు. కొంచెం చుట్టయినా సూర్యాపేట మీదుగా పోయి రత్నంగారిని పలకరించేదాన్ని. పాపం, ఆయన నన్ను చూస్తే ఏదో సంజాయిషీ చెప్పాలన్నట్టు ఇబ్బంది పడేవాడు. ఒకసారి ఆ ఇబ్బంది దాటడానికే కాబోలు, తన దగ్గరికి వస్తున్న ఒక అమ్మాయి సంగతి ఎత్తాడు.

ఆ అమ్మాయి శిరీష. కోదాడలో డిగ్రీ చదువుతోంది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో ఒక ఊరు. అమ్మానాన్న లేరు, నాయనమ్మ పెంచింది. కార్నిటిన్ నిలవని జబ్బు. గుండె అప్పటికే సాగి ఉంది. మందు తాగినన్నాళ్లు ఆరోగ్యం బాగుండేది కానీ ఒంట్లో నుంచి పచ్చిచేపల వాసన వచ్చేది. ఈ మందుతో అది మామూలే. పేగు పీల్చుకోగా మిగిలినదాన్ని పేగులోని సూక్ష్మక్రిములు విరిచి వాసన వచ్చే పదార్థంగా మారుస్తాయి. ఆ వాసన భరించలేక శిరీష రెండుసార్లు మందు మానేసింది. రెండుసార్లూ ఆయాసంతో రత్నంగారి దవాఖానలో చేరింది.

"తక్కువైతే గుండె ఊరుకోదు మేడం, ఎక్కువైతే క్లాసు ఊరుకోదు. ఇంకోసారి మానేస్తే నేను నిలబెట్టగలనని చెప్పలేను. ఈ రెంటి మధ్యలో జాగా ఉందేమో జర మీ లెక్కల్లో చూడండి," అన్నాడు.

ఆ రోజు అమ్మాయి అక్కడే ఉంది. సన్నగా, నవ్వుముఖంతో ఉంది. మా ఆయన పోయాక నాతో మాట్లాడేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఈ పిల్లకు ఆ సంగతి తెలియదు కనుక మామూలుగా మాట్లాడింది. నాకు హాయిగా అనిపించింది.

"మా ఇంట్ల చేపల కూర వండక్కర్లేదు మేడం, నేను కూసుంటె చాలు," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "సోమవారం అయితే మరీ ఘోరం. బెంచీ మీద నేనొక్కదాన్నే. బస్సుల గూడ గంతే. నిలవడ్డోళ్లు నిలవడ్డట్టే పోతరు గాని నా పక్కన కూసోరు. ఇంకొన్ని దినాలు చూస్త. లేకుంటె మందన్న మానేస్త, కాలేజన్న మానేస్త," అంది.

ఆ మాట బెదిరింపులా అనలేదు. రేపు ఏ బస్సుకు పోతుందో చెప్పినట్టు చెప్పింది. నేను ఒప్పుకున్నది అందుకే.

కిందికి పడ్డ చుక్కలు

రత్నంగారు వేర్వేరు రోజుల్లో రక్తం తీసి పంపించాడు. మా దగ్గర అప్పటికే మోడల్ ఉంది. శిరీష బరువు, కిడ్నీ తీరు అందులో పెట్టాను. మామూలు రోజుల కొలతలు గీత మీదనే పడ్డాయి. రెండు మాత్రం బాగా కిందికి పడ్డాయి. మందు తాగుతున్నావా అని రత్నంగారు అడిగితే తాగుతున్నానంది. సీసాలు సరిగ్గా ఖాళీ అవుతున్నాయి.

చారి సార్ తెర మీద చూసి, ఆ రెండూ ల్యాబ్ తప్పు అయి ఉంటాయని, తీసేస్తే మోడల్ చక్కగా కూర్చుంటుందని అన్నాడు. నిజంగానే చక్కగా కూర్చుంటుంది. కానీ అలా కూర్చున్న మోడల్ చెప్పేది ఒకటే, ఈ అమ్మాయికి ఇప్పటి మోతాదు బాగానే ఉందని. బాగుంటే చేపల వాసన అంతగా ఎందుకు? సోమవారమే ఎందుకు ఎక్కువ? తీసేయనన్నాను. ఆయన భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం శిరీష వాళ్ల ఊరు వెళ్లాను. వస్తానని ముందే చెప్పాను కనుక నాయనమ్మ వెంకమ్మ వంట చేసి పెట్టింది. అన్నం, పప్పు, గోంగూర తొక్కు. పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. శిరీష నీళ్ల చెంబు తెచ్చిపెట్టి పక్కన కూర్చుంది. ఆమె ముందు పళ్లెం లేదు. నువ్వు తినవా అని అడిగాను.

వెంకమ్మ జవాబిచ్చింది. "ఇయ్యాల శనివారం గద బిడ్డా. దానికి ఒక్కపొద్దు. దీపం పెట్టినంక తింటది."

"మరి మందు?"

"తియ్యగుంటది గద ఆ మందు. నాలిక మీద తీపి పడ్డంక ఒక్కపొద్దు యాడిది? పొద్దుగూకినంక మూడు పూటలది కలిపి ఒక్కసారే తాగిపిస్త. చుక్క గూడ పోనియ్యను."

ముద్ద పళ్లెంలో పెట్టేశాను. డాక్టరుకు ఎందుకు చెప్పలేదని శిరీషను అడిగాను.

"తాగుతున్నవా అని అడిగిండు, తాగుతున్న అన్న. ఎప్పుడు తాగుతున్నవని అడగలే మేడం," అంది.

రెండు చిక్కులకూ కారణం ఒకటే. ఆ జబ్బు ఉన్నవాళ్లకు పూట తప్పితే ఒంట్లో మందు తొందరగా అడుగంటుతుంది. పైగా వాళ్ల ఒళ్లు కొవ్వును సరిగ్గా కాల్చుకోలేదు కనుక తిండి లేకుండా ఉండటమే ప్రమాదం. శనివారం పగలంతా రెండూ కలిసివచ్చేవి. సాయంత్రం మూడు పూటల మందు ఒక్కసారి పోస్తే పేగు అంత పీల్చుకోలేదు. మిగిలిందంతా క్రిముల పాలు. ఆ వాసన ఆదివారం మొదలై సోమవారం క్లాసు దాకా వెళ్లేది. కిందికి పడ్డ చుక్కలు శనివారాలవే. రత్నంగారు శనివారాల్లో కూడా రక్తం తీశాడు కాబట్టి అవి దొరికాయి.

ఒక్కపొద్దు మానేయాలని వెంకమ్మకు చెప్పాను. నా దగ్గర లాప్‌టాప్ ఉంది. తెర మీద గీతలు చూపించాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని దగ్గరికి వచ్చి చూసింది.

"గీ గీతనా నా మనుమరాలు?"

అలాంటివాళ్లు వెయ్యిమంది ఇందులో ఉన్నారని చెప్పాను.

"వాళ్లల్ల ఒక్కపొద్దు ఉండేటోళ్లు ఎందరు?"

ఒక్కరూ లేరని చెప్పాల్సి వచ్చింది.

"గట్లయితే వాళ్ల సంగతి నాకెందుకు చెప్తవు?" అని మజ్జిగ పోసింది.

శనివారాలు కలిపిన లెక్క

సోమవారం ఆఫీసుకు వెళ్లి ఆ వెయ్యిమందికీ శనివారం ఒక్కపొద్దు పెట్టాను. పగలు తిండి లేదు, మందు లేదు, సాయంత్రం అన్నీ ఒక్కసారే. గీత సరిగ్గా ఆ రెండు చుక్కల మీదుగా పోయింది. చారి సార్‌ను పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "నేనూ శనివారం ఉంటానమ్మా. నాకే తట్టలేదు. అయినా నేను కాఫీ తాగుతాను, బీపీ మాత్ర వేసుకుంటాను," అన్నాడు. ఆ తర్వాత ఆయనే కూర్చుని నాతోపాటు మోతాదులు మార్చి చూశాడు. అప్పుడు మాత్రం పెన్సిలు ఆయనదే.

మోతాదులు తిప్పి తిప్పి చూశాం. ఒక్కో పూట మోతాదు చిన్నదైతే పేగు దాన్ని బాగా పీల్చుకుంటుంది, క్రిములకు మిగిలేది తక్కువ. కనుక చిన్న మోతాదు, ఎక్కువ పూటలు, తిండితోపాటు. రోజు మొత్తంలో పోసేది ఇదివరకటి కంటే తక్కువ, నిలిచేది ఎక్కువ. అయితే శనివారం అలాగే ఉంటే ఇవేవీ నిలబడవు. ఏ మోతాదు పెట్టినా ఆ రోజు గీత కిందికి జారిపోయింది. రత్నంగారు కాగితాలన్నీ చూసి, తన పుస్తకాలు చూసుకుని, కొత్త మోతాదుకు సరేనన్నాడు. శనివారం సంగతి వెంకమ్మకు ఆయనే చెప్పాడు. ఆమె వినలేదు. "నీకు దవాఖాన తెలుసు సారు, నాకు దేవుడు తెలుసు," అని లేచి వెళ్లిపోయిందట.

నేను మళ్లీ వెళ్లాను. శిరీష కాలేజీకి పోయింది. వెంకమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనూ కూర్చుని తీయడం మొదలుపెట్టాను. సంగతి ఆమే ఎత్తింది. కొడుకూ కోడలూ పోయాక మిగిలింది ఈ పిల్లేనని, మొదటిసారి దవాఖానలో పడినప్పుడు, బతికితే శనివారాలు ఒక్కపొద్దు ఉంటదని పిల్ల పేరున మొక్కానని చెప్పింది. పిల్ల బతికింది. ఇప్పుడు మొక్కు తప్పితే ఇచ్చినవాడు తీసుకోడా? ఇదీ ఆమె భయం. నేను మా బాసు శనివారం కాఫీ తాగుతాడని, మాత్రలు వేసుకుంటాడని చెప్పాను.

"పట్నపోళ్ల ఒక్కపొద్దు," అంది. అంతటితో మా చారి సార్ సంగతి అయిపోయింది.

కాసేపటికి నా మెడ వైపు చూసి అడిగింది. "నీ ఇంటాయన ఎట్ల పోయిండు బిడ్డా?"

"గుండె జబ్బుతో."

"మందులు ఏసినవా?"

"టైముకు వేశాను."

"అయినా పోయిండు."

"పోయారు."

"మరి నీ మందు గూడ నా మొక్కు లెక్కనే గద. ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటె లేదు."

అప్పుడు ఏదైనా ధైర్యం మాట చెప్పొచ్చు. డాక్టర్లు చెబుతారు, కంపెనీ వాళ్లు ఇంకా బాగా చెబుతారు. నాకు చెప్పబుద్ధి కాలేదు. "మందు వేస్తే నిండా నూరేళ్లు బతుకుతుందని నేను అనను అమ్మా. నాకు తెలియదు. శనివారం శనివారం ఇలాగే ఉంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. వెయ్యిమందికి పెట్టి చూశాను, ఈసారి ఒక్కపొద్దు కూడా పెట్టాను," అన్నాను.

"అందరికి పెట్టినవా?"

"అందరికీ."

"ఏమైంది వాళ్లకు?"

"అందరికీ కిందికే పోయింది."

ఆమె చేటలో గింజలు ఒక పక్కకు ఊడ్చింది. చేట పక్కన పెట్టి లేచింది. తర్వాత లోపలికి పోయి, మిట్టమధ్యాహ్నం దీపం వెలిగించింది. గుమ్మంలో నుంచి నాకు వినిపించింది. కొట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"సామీ, మొక్కింది నేను. పిల్ల నోరు తెరిచి ఏం మొక్కలే. దాన్ని ఇడిచిపెట్టు. దాని ఒక్కపొద్దు గూడ నా మీదేసుకుంట. నాకు శనివారం ఉన్నది, దానిది సోమవారం నేనే ఉంట. నీకేం తక్కువ జెయ్య."

నేను లేచాను. ఇప్పుడు ఈమె వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటుంది, వయసు చూస్తే పెద్దది. మీరేమైనా మాత్రలు వేసుకుంటారా అని అడిగాను. వృత్తి అలాంటిది.

"బీపీ గోళీ ఒకటున్నది. అది చేదు, తీపి కాదు. ఒక్కపొద్దు నాడు గూడ మింగుత," అంది.

పిల్లలకు చెప్పేది

ఈ పనిలో చేరేవాళ్లకు నేను చెప్పేది పెద్దగా లేదు. లెక్కలు నేర్చుకోండి, అవి బాగా రాకపోతే మిగతావి పనికిరావు. కోడ్ మీకంటే కంప్యూటర్ బాగా రాసే రోజులు వచ్చాయి, దానికి బెంగ వద్దు. కానీ మీ దగ్గరికి వచ్చే అంకె వెనుక ఒక మనిషి ఆ రోజు ఏం తిన్నాడో, ఏం మానేశాడో, ఎందుకు మానేశాడో కంప్యూటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. మంచి బాసు దొరికితే మంచిది. సగం మంచి బాసు దొరికితే ఆ సగం తీసుకోండి. రోగితో మాట్లాడాల్సి వస్తే మీకు తెలిసినంతే చెప్పండి. తెలియనిదాన్ని కూడా తెలియదని చెప్పండి. నా అనుభవంలో వాళ్లు నమ్మింది ఆ రెండో మాట చెప్పిన తర్వాతే.

నేను రిటైరయ్యే ముందు ఒక సోమవారం సాయంత్రం కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాను. కాలేజీలు వదిలే వేళ. బస్సు కిక్కిరిసి ఉంది. నాకు వెనక వైపు ఒక సీటు దొరికింది. సరిగ్గా నా ముందు సీట్లో కిటికీ పక్కన శిరీష. కొత్త మోతాదు మొదలుపెట్టి కొన్ని నెలలైంది. గుండె కొంచెం కుదురుకుందని రత్నంగారు ఫోన్లో చెప్పాడు. వాసన సంగతి ఆయనను నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆమె పక్కన ఎవరో కూలిపని నుంచి వస్తున్న ఆవిడ కూర్చుని ఉంది. ఎండలో పనిచేసిన అలసట. బస్సు కదిలిన కాసేపటికే కునుకు పట్టి, తల వాలి వాలి, చివరికి శిరీష భుజం మీద ఆనింది. శిరీష కదలలేదు. పుస్తకాల సంచీని మెల్లగా ఇంకో చేతిలోకి మార్చుకుంది.

వాళ్ల ఊరి స్టేజీ వచ్చింది. కండక్టరు ఊరి పేరు అరిచాడు. దిగేవాళ్లు దిగారు. ఆమె లేవలేదు. దిగలేదేమిటని నేను ముందుకు వంగి భుజం తట్టాను. తల తిప్పకుండానే కళ్లు నా వైపు తిప్పి, మెల్లగా అంది.

"నిద్రపోతున్నది మేడం. నేను హుజూర్‌నగర్‌ల దిగి ఆటోల ఎనుకకు వస్త."